దేవానందం ఇంట సుస్తీ పడిన హార్మోనియం

ఆసఫ్‌జాహీ ప్రభువుల ఏలుబడి తన చివరి భాద్రపదంలో అడుగుపెట్టి, బెజవాడ వైపు రైళ్లు నిలిచిపోయి, ఢిల్లీ సైన్యాలు సరిహద్దులు దాటాయన్న వార్త ఒక చెవినుండి మరొక చెవికి పోయేలోపల నాలుగింతలుగా పెరిగి, ఆ వార్తలకు తాళం వేస్తున్నట్లు ఎడతెరపి లేని ముసురు సికిందరాబాదు పెంకుటిళ్లమీద పడుతూ ఉండిన 1948 సెప్టెంబరు నడిమి వారంలో, ప్రభువులూ మంత్రులూ సేనాపతులూ తమ తమ స్థానాలు నిలుస్తాయో నిలవవో అని కలత చెందుతున్న ఆ దినాలలోనే, తిరుమలగిరి గల్లీ ఒకదానిలో దేవానందం అనే రైలు కచేరీ గుమాస్తా కూడా తన స్థానం ఒకటి నిలుస్తుందో నిలవదో అని కలత చెందుతూ, ముందుగదిలో చాపమీద కూర్చుండి, అరచేతిలోని చిన్న మరమేకు వంక, నేరం చేసినవాడు సాక్షి వంక చూచినట్లు చూస్తూ ఉన్నాడు.

ఆ స్థానం సింహాసనం కాదు. తిరుమలగిరి చిన్న ప్రార్థనాలయంలో హార్మోనియం ముందు వేసే పొట్టి కొయ్యపీట. ప్రతి ఆదివారం దేవానందం ఆ పీటమీద కూర్చుండి, ఎడమచేత తిత్తి ఆడిస్తూ, కుడిచేత మెట్లు నొక్కుతూ, సంఘమంతటినీ కీర్తనలోనికి నడిపించేవాడు. వారం పొడుగునా కచేరీలో అధికారుల మాట వినే ఆ మనిషికి, అధికారులు సైతం తన శ్రుతి వినే భాగ్యం ఆ పీటమీద మాత్రమే దక్కేది. పీట ఎక్కగానే అతని వెన్ను నిటారయ్యేది. దిగగానే మళ్లీ గుమాస్తా వంపు వచ్చేది.

అంతటి గానప్రియునికి ఒక బలహీనత ఉండేది. ప్రబంధాలలో వర్షర్తువు వచ్చిందంటే నెమళ్లు ఆడుతాయి, విరహిణులు నిట్టూరుస్తారు. దేవానందం ఇంట వర్షర్తువు వచ్చిందంటే అతని వేళ్లు దురదపెట్టేవి. ఎండకాలంలో ఏ వస్తువు జోలికీ పోని ఆ వేళ్లు, నాలుగు చినుకులు పడి కదలక ఇంట కూర్చోవలసి వచ్చిందంటే, మరమేకు ఉన్న ప్రతి వస్తువునూ వెదకి పట్టుకొనేవి. ఒక వానకు గొడుగును విప్పాడు; అది మూసుకొనే విద్యను మరచిపోయింది. మరొక వానకు లాంతరును విప్పాడు. అది వెలిగింది, కాని వెలుగుకన్న పొగ ఎక్కువగా దానం చేసింది. నిరుటి వానకు ప్రార్థనాలయపు గోడగడియారాన్నే విప్పి బాగుచేశాడు. ఆ బాగుచేత తరువాత అది కొట్టవలసిన వేళ మౌనవ్రతం పట్టి, ప్రసంగం మంచి ఘట్టానికి వచ్చినప్పుడు మాత్రం ఉత్సాహం పట్టలేక మోగేది. అప్పటినుండి సంఘపు పెద్ద అబ్రహాం, ప్రార్థనాలయపు ఏ వస్తువు దగ్గరికైనా దేవానందం వట్టి చేతులతో మాత్రమే రావాలని శాసించాడు.

అబ్రహాం పూర్వాశ్రమంలో డ్రిల్లు మాస్టరు. బడినుండి విరమించినా గొంతునుండి విరమించలేదు. ముసురు పట్టిన ఆదివారాన, ప్రార్థనాలయపు కప్పు సరిగ్గా హార్మోనియం ఉండేచోటనే కారడం చూచి, ఆయన ఆ పెట్టెను జట్కాలో ఎక్కించి, దానిపై తన గొడుగు పట్టి, తాను తడుస్తూ దేవానందం గుమ్మం ముందు దించాడు.

"చూడు దేవానందం," అన్నాడు, మీసం పిండుకుంటూ. "వాన తగ్గేదాంక పెట్టె నీ ఇంట్ల ఉంటది. దీనికి నీళ్లు తగలొద్దు, ఎలుక తగలొద్దు, మరలు తిప్పే నీ పేచ్‌కస్ సుత తగలొద్దు."

"వాయించుకోవచ్చునా మాస్టారూ?"

"వాయించు. విప్పకు. ఒక్క మరమేకు కదిలిందని తెలిసిందో, వచ్చే ఐతారం ఆ పీటమీద మా అల్లుడు యేసుదాసు కూసుంటడు. ఆ మీది ఐతారం సుత ఆయనే."

"విప్పను మాస్టారూ. మాట ఇస్తున్నాను."

ఇది సామాన్యమైన బెదిరింపు కాదు. యేసుదాసు ఉత్తముడే గాని, అతని వేళ్లకు వచ్చినది ఒకే ఒక వరుస. పెండ్లి కీర్తననూ సమాధి కీర్తననూ అతడు పక్షపాతం లేకుండా ఆ ఒక్క వరుసలోనే వాయించేవాడు. కనుక దేవానందం పీటతోపాటు సంఘంలోని సమస్త కీర్తనల ప్రాణాలూ ఆ మాటమీద వ్రేలాడుతున్నాయి.

మరునాడు సోమవారం యుద్ధం మొదలైందన్నారు. రైళ్లు లేని రైలు కచేరీ గుమాస్తాలను ఇండ్లకు పంపివేసింది. గల్లీలో తలుపులు మూతపడ్డాయి. ఆ వారంలో జిల్లాలలో ఎన్ని ఇండ్లు ఏడ్చాయో, ఏ మతంవారి గడపలో ఎంత చీకటి పడిందో తలచుకొంటే కలం నవ్వడానికి వెనుదీస్తుంది. అయినా భయపడిన మనుష్యులు కూడా అన్నం వండుకొంటారు, చినుకు కారేచోట గిన్నె పెడతారు, ఏమీ తోచక గవ్వలు వేస్తారు. దేవానందం ఇంట గవ్వలు వేసేది అతని తల్లి దేవకృప. ఏలూరు ప్రాంతంనుండి కొడుకు వెంట వచ్చి ఇన్నేండ్లయినా ఆమె మాటలోని గోదావరి ఇంకలేదు. పందెం లేదు గనుక అష్టాచెమ్మ జూదం కాదని, జూదం కాదు గనుక అందులో చిన్న చిన్న మోసాలు పాపం కావని ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి ప్రతిదినమూ బలి అయ్యేది కోడలు కాంతమణి.

"అష్టా," అంది దేవకృప, గవ్వలు వేసి.

"అష్టా కాదత్తయ్యా. ఒక గవ్వ తిరగబడి ఉంది చూడండి."

"అది గాలికి తిరగబడిందే. నేను వేసినప్పుడు అష్టానే."

"తలుపు మూసి ఉందికదా, గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"పెద్దదాన్ని, అబద్ధం ఆడతానా? కాయ నడుపు."

కాంతమణి కాయ నడిపింది. ఆమె ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు చదువు చెప్పేది. అబద్ధం ఆడిన పిల్లచేత నిజం అనే మాటను పలకనిండా వ్రాయించేది. తానుగా అబద్ధం ఆడవలసి వస్తే ఆమెకు ఎక్కిళ్లు వచ్చేవి. ఈ సంగతి ఇక్కడ చెప్పడం అనవసరం కాదు.

మంగళవారం మధ్యాహ్నం దేవానందం హార్మోనియం ముందు కూర్చుండి కీర్తన ఎత్తుకొన్నాడు. పెట్టె జలుబు చేసినదానివలె ముక్కుతో పలికింది. చెమ్మ లోపలికి దిగింది. ఆదివారంనాటికి స్వరాలు పలికే ఇత్తడి నాలుకలు చిలుము పడితే గతి ఏమి అనుకొన్నాడు. అనుకొన్న తరువాత, ఇచ్చిన మాటను పండితుడు శ్లోకపాదాన్ని పరిశీలించినట్లు పరిశీలించాడు. విప్పకు అన్నారు. మూత తీయడం విప్పడం అవుతుందా? కాదు, తెరవడం. మూత తీశాడు. మెట్ల పలకను పైకి లేపడం? అది ఎత్తడం. ఎత్తాడు. ఇట్లు తెరవడంనుండి ఎత్తడానికి, ఎత్తడంనుండి జరపడానికి సాగుతూ సాగుతూ, అతడు నాలుకలను బిగించిన మొదటి మరమేకు దగ్గరికి వచ్చేసరికి తెలుగుభాషలోని పర్యాయపదాలన్నీ అయిపోయాయి. ఒక్క క్షణం ఆగాడు. వాన పెద్దదయింది. మరమేకు అరచేతిలోనికి వచ్చింది. మనం అతణ్ణి మొదట చూచినది ఆ ఘడియలోనే.

"ఏవండీ," అంది కాంతమణి, గవ్వలు పట్టుకొని. "అది ఎత్తడమా, విప్పడమా?"

"ఆరబెట్టడం," అన్నాడు దేవానందం, తల ఎత్తకుండా.

నాలుకలను కుంపటి సెగకు ఆరబెట్టి, తుడిచి, సాయంకాలానికి అన్నిటినీ యథాస్థానంలో బిగించాడు. అంతా సరిగానే ఉంది. తిత్తి ఆడించాడు. అప్పుడు, ఏ మెట్టునూ నొక్కకముందే, పెట్టె కడుపులోనుండి మంద్రస్థాయిలో ఒక నాదం బయలుదేరింది. ఊఁ అని మొదలై, తగ్గకుండా, తెగకుండా, పాత్రలను వణికిస్తూ సాగింది. చేయి ఆపితే ఆగింది. తిత్తి కదిపితే మళ్లీ లేచింది. ఎవరూ పిలవకుండానే వచ్చి, పొమ్మంటే పోని చుట్టమువలె ఒక స్వరం లోపల తిష్ఠ వేసింది. దేవానందం విప్పాడు, బిగించాడు, ఊదాడు. ఊఁ అంది. మళ్లీ విప్పాడు. బుధవారమూ అదే, గురువారమూ అదే.

ఆ ఇంటికీ పొరుగింటికీ నడుమ ఒకే గోడ. గోడకు ఆవల వీరయ్య, దేవమ్మ అనే దంపతులు తాతలనాటినుండి కాపురం ఉంటున్నారు. వీరయ్య వాన పట్టిందంటే నులక పేనుతూ, మంచాలు అల్లుతూ పొద్దుపుచ్చేవాడు. విమానాన్ని ఆ ప్రాంతంలో గాలిమోటరు అంటారు. యుద్ధపు దినాలలో ఆ మాటను కూడా పూర్తిగా అనే తీరిక లేక, గాలి వచ్చింది, గాలి పోయింది అని అనుకొనేవారు. గోడలోనుండి ఆ మంద్రనాదం మొదటిసారి వినవచ్చినప్పుడు దేవమ్మ చేట అక్కడనే పడవేసి మంచం క్రిందికి దూరింది. వీరయ్య ఆమె వెనుక దూరాడు. నులక కొత్తగా అల్లినది కావడంచేత మంచం బిగువుగా ఉండి ఇద్దరికీ చోటు కుదిరింది. నాదం ఆగగానే బయటికి వచ్చారు. ఒక పూటలో ఎన్నిమార్లు దూరారో వారికే తెలియాలి.

బుధవారం ఉదయం వాన కాస్త సన్నగిల్లినప్పుడు దేవమ్మ వెనుక పెరటి గోడమీదుగా తల ఎత్తింది.

"చెల్లె, ఓ కాంతమ్మ చెల్లె. నిన్న పొద్దుమూకినప్పటి సంది ఏందే ఆ సప్పుడు? గాలియేనా?"

కాంతమణి చేతిలో బియ్యం కడిగిన నీళ్లు అట్లే ఉండిపోయాయి. నిజం చెబితే భర్త పీట పోతుంది. అబద్ధం చెబితే ఎక్కిళ్లు వస్తాయి. ఆ నాదం తిత్తిలోని గాలివల్ల పుట్టిందన్నది సందేహం లేని సత్యం.

"గాలేనక్కా," అంది.

"నేను అప్పుడే చెప్పిన మీ బావకు. ఉరుము గాదు, గాలి అని. పోయిందా మరి?"

"ఇంకా పోలేదక్కా. లోపల ఎక్కడో ఇరుక్కుందంటున్నారు ఆయన."

"మబ్బుల్లోపల ఇరుక్కున్నదా?" దేవమ్మ ఆకాశం వంక చూచి తల దించుకుంది. "అన్న చూస్తున్నడా దాన్ని?"

"పొద్దస్తమానం అదే చూస్తున్నారక్కా. అన్నం కూడా సరిగా తినడం లేదు."

"గుండె ధైర్యమే ఆయనకు. మా ఆయనైతే మంచం కిందికెల్లి బయటికే వస్తలేడు. పడదు గద చెల్లె మన మీద?"

"పడదక్కా. చాపమీద గట్టిగానే..." అని కాంతమణి నాలుక కరచుకొని, బియ్యం ఉడుకుతున్నాయని లోపలికి పోయింది. బియ్యం ఇంకా పొయ్యి ఎక్కలేదని గుర్తుకురాగానే ఆమెకు ఒక చిన్న ఎక్కిలి వచ్చింది.

దేవమ్మ మోసిన వార్త వానలో తడిసినకొద్దీ బరువెక్కింది. గల్లీ మొదటనున్న నీళ్ల నల్లా దగ్గరికి చేరేసరికి, దేవానందం ఇంటిపైన మబ్బులో ఒక గాలిమోటరు చిక్కుబడి ఉందని, అతడు ధైర్యశాలి గనుక అన్నం మాని దానిని కనిపెట్టి చూస్తున్నాడని, అది ఏ క్షణానైనా ఆ పెంకులమీద కూలుతుందని రూపు కట్టింది. శుక్రవారం నాటికి అది అబ్రహాం భార్య రోసమ్మ చెవిని పడింది. ఆమె వలన అబ్రహాం చెవిని పడింది.

"అయ్యో, ఆ ఇంట్ల మనుషులున్నరు గద," అంది రోసమ్మ.

"మనుషులు ఎట్లనో ఉరుకుతరు," అన్నాడు అబ్రహాం, గొడుగు తీసుకొంటూ. "పెట్టెకు కాళ్లెక్కడియి?"

పెట్టెను ఆపదనుండి తప్పించడానికై ఆయన ముసురులో బయలుదేరాడు. ఈ విధంగా, ఏ మనిషి రాకూడదని కాంతమణి సత్యాన్ని అంత జాగ్రత్తగా నడిపించిందో, ఆ సత్యమే ఆ మనిషిని చేయి పట్టుకొని ఆమె గుమ్మానికి నడిపించింది.

ఆ సమయానికి హార్మోనియం దేవకృప మంచంమీద ఉంది. చాప చెమ్మగిల్లినందున, ఉన్నంతలో పొడిచోటు అదే. దేవానందం దానిని వెల్లకిల పరుండబెట్టి, తిత్తి పైకి వచ్చేటట్లు ఉంచి, సగం నాలుకలను దిండుమీద వరుసగా పేర్చాడు. తిష్ఠ వేసిన స్వరం గుట్టు అప్పుడే బయటపడింది. ఒక మెట్టు అడుగున గాలి రంధ్రాన్ని మూసే తోలుముక్క చెమ్మకు ఉబ్బి, అంచు లేచిపోయింది. దానిని చదును చేయడానికి అతడు వంటింట కుంపటి దగ్గరికి పోయాడో లేదో, వీథిలో డ్రిల్లు దగ్గు ఒకటి వినవచ్చింది.

కాంతమణికి ఆలోచించే వ్యవధి లేదు. మంచం చివరనున్న దుప్పటిని లాగి పెట్టెనూ దిండునూ నిండుగా కప్పింది. తలుపు తీసింది.

అబ్రహాం గొడుగు ముడిచి లోపలికి వచ్చి, మొదట కప్పు వంక, తరువాత మంచం వంక చూచాడు. దుప్పటి క్రింద ముడుచుకొని పరున్న మనిషివంటి ఆకారం. దిండు దగ్గర దుప్పటి కొద్దిగా ఎత్తుగా ఉంది. ఆయన గొంతు వెంటనే తగ్గింది.

"ఏందమ్మా, సుస్తీనా?"

కాంతమణి గోడకు ఆనుకొంది. "చెమ్మ పట్టిందండీ మాస్టారూ."

"ఎన్నాళ్ల సంది?"

"ముసురు పట్టినప్పట్నుంచీ. గొంతు సరిగా పలకడం లేదు. ఊపిరి తీస్తే చాలు, లోపలినుంచి ఒకటే మూలుగు."

"వయసు సుత అయింది గద."

"అయిందండీ. మీరు ఎన్నేండ్లనుంచో చూస్తున్నదేకదా."

ఆ ఇంట వయసు మీరిన మనిషి దేవకృప ఒకతెయే. అబ్రహాం మనస్సు కరిగింది. తాను పెట్టెకోసం వచ్చి, పెద్దామె సంగతి అడగనైనా అడగలేదే అని నొచ్చుకొన్నాడు. రోగి ఉన్నచోటికి సంఘపు పెద్ద పోయి, చేయి ఉంచి ప్రార్థించడం ఆ సంఘంలో తప్పనిసరి ఆచారం. ఆయన తలపాగా తీసి, మోకాళ్లూని, కన్నులు మూసుకొన్నాడు. వద్దనడానికి కాంతమణికి తగిన సత్యం ఏదీ దొరకలేదు.

"పరలోకమందున్న తండ్రీ," అని ఆరంభించాడు. ప్రార్థనలో ఆయన భాష గ్రాంథికమయ్యేది. కంఠం మాత్రం డ్రిల్లు మైదానాన్ని మరచేది కాదు. "నీ దాసురాలైన దేవకృపమ్మ నీ సన్నిధిని పరుండియున్నది. ఆమెను కరుణించుము. ఆమె కీళ్లను వదులు చేయుము."

వంటింట మక్క కంకులు కాలుస్తున్న దేవకృపకు తన పేరు వినబడింది. పళ్లెం పట్టుకొని గడపలోనికి వచ్చి, పెద్దమనిషి తనకోసం మోకాళ్లూని ఉండడం చూచి, ఎంతో సంతోషించి, చప్పుడు కాకుండా ఆయన ప్రక్కనే తానూ మోకరించింది.

"ఆమె ఊపిరి ఆటంకము లేక సాగనిమ్ము."

"ఆమేన్," అంది దేవకృప. "మోకాళ్లు కూడా, ప్రభువా."

అబ్రహాం అది కాంతమణి గొంతు అనుకొన్నాడు. "ఆమె మోకాళ్లను బలపరచుము. మూగవోయిన ఆమె స్వరమును తిరిగి పలికించి, నిన్ను స్తుతింపజేయుము," అని, ఆచారం ప్రకారం కుడిచేతిని చాచి, దుప్పటిమీద, రోగి రొమ్ము ఉండవలసిన చోట, భక్తితో ఉంచాడు. డ్రిల్లు మాస్టరు భక్తి తేలికగా ఉండదు. తిత్తి అణగింది.

ఊఁ అని, దుప్పటి క్రిందినుండి, గంభీరంగా, దీర్ఘంగా, మంద్ర షడ్జమం లేచింది.

గోడకు ఆవల చేట ఒకటి దభీమని పడింది. "వచ్చిందయ్యో, దూరు, దూరు, జెర జరుగు," అని దేవమ్మ కేక. మంచం కోళ్లు నేలను గీరిన చప్పుడు.

అబ్రహాం కన్నులు తెరచాడు. ఎదుట దుప్పటి ఇంకా సన్నగా మూలుగుతోంది. ప్రక్కను చూస్తే దేవకృప, చేతిలో మక్క కంకుల పళ్లెంతో, ప్రశాంతంగా ఉంది.

"నువ్వు ఈడ ఉంటే," అన్నాడు నెమ్మదిగా, "మంచంల ఎవరున్నరు?"

"నాకేం తెలుసు బాబూ. నా పేరు వినబడితే వచ్చాను. చాలా బాగా చేస్తున్నారు, ఆపకండి."

ఆయన దుప్పటి ఎత్తాడు. దిండుమీద ఇత్తడి నాలుకలు తళతళలాడాయి. హార్మోనియం శస్త్రవైద్యుని బల్లమీది మనిషివలె కడుపు తెరచుకొని ఉంది.

దేవానందం వంటింటి గుమ్మంలో నిలిచి ఉన్నాడు. ఒక చేత తోలుముక్క, మరొక చేత పేచ్‌కస్. దాచడానికి దుప్పటి లేదు. దాచాలని కూడా అనుకోలేదు.

"నేనే విప్పాను మాస్టారూ," అన్నాడు. "ఆరబెడదామని మొదలుపెట్టాను. మాట తప్పాను. ఆదివారం యేసుదాసునే కూర్చోబెట్టండి." ఆ చివరి మాట అనేటప్పుడు అతని వెన్ను పూర్తిగా వంగిపోయింది.

"నేను అబద్ధం ఆడలేదండీ," అంది కాంతమణి సన్నగా.

"ఆడలే బిడ్డా. దుప్పటి ఎట్ల కప్పినవో, నిజాన్ని సుత గట్లనే కప్పినవ్. చిన్న చినుగు సుత లేదు."

అబ్రహాం దుప్పటిని మడత పెట్టసాగాడు. ఆయన మనస్సులో ఏమి నడిచిందో ఊహించవచ్చు. ఒకప్రక్క క్రమశిక్షణ, ఒకప్రక్క అల్లుని ఒంటి వరుస, అది ప్రతి ఆదివారమూ, ఆమరణాంతమూ. వీటన్నిటికన్న పెద్ద చిక్కు మరొకటి ఉంది.

"చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన," అన్నాడు చివరకు. "ఊపిరి సాగాలె అన్న, గొంతు పలకాలె అన్న. ఇప్పుడు ఇది రోగి గాదు, ఉత్త పెట్టె, మరచిపొమ్మని ప్రభువుకు ఎట్ల చెప్పాలె? ఆయన ఆడ పని షురూ చేసి ఉంటడు."

"మోకాళ్లది మాత్రం నాకే చెందాలి," అంది దేవకృప.

"నీ మోకాళ్లు నీకే, పెద్దమ్మా. దేవానందం, ఇటు రా. విప్పినోడే కుట్టాలె. రోగి లేచి కూసుంటే పీట నీది. లేవకపోతే యేసుదాసుది. కూసో."

దేవానందం కూర్చున్నాడు. అబ్రహాం ఎదురుగా, అతని ప్రతి వేలునూ కావలి కాచేవానివలె కూర్చున్నాడు. తోలుముక్కను సెగకు చూపి, బల్లమీద అదిమి, సున్నితంగా అంటించడం చూచాడు. నాలుకలు ఒక్కొక్కటిగా ఇంటికి చేరడం చూచాడు. కొంతసేపటికి ఆయన మెడ ముందుకు సాగింది. మరికొంతసేపటికి నాలుకలు అందించే పని తనంతట తానే పుచ్చుకొన్నాడు. అటుపిమ్మట దగ్గి, ఎవరి వంకా చూడకుండా అన్నాడు:

"ఒక్కటి నేను పెడుత."

"పెట్టండి మాస్టారూ."

పెట్టాడు. తలక్రిందులుగా పెట్టాడు. దేవానందం ఆ సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూ ఉండగా కాంతమణి మక్క కంకి నములుతూ, "అది బోర్లా పడుకుంది మాస్టారూ," అంది. ఆమె అబద్ధం ఆడలేదు, మౌనంతో కూడా. అబ్రహాం దానిని త్రిప్పి పెట్టి, అది సరిగా అమరినప్పుడు పొందిన ఆనందాన్ని మీసం క్రింద దాచుకొన్నాడు. బయట వాన కురుస్తూనే ఉంది. వేళ్ల దురద అంటువ్యాధి అని ఆ ఇంటివారికి అప్పుడు తెలిసింది.

పొద్దు వాలుతుండగా గోడకు ఆవలినుండి వీరయ్య అరిచాడు. "అన్నా, ఓ దేవానందమన్నా. లడాయి బంద్ అయిందంట. రేడియోల చెప్పిండ్రంట. వింటున్నవా?" సంతోషం పట్టలేక గోడను దబదబ గ్రుద్దాడు.

"గోడ గుద్దకు వీరయ్యా," అని అబ్రహాం గర్జించాడు. "నాలుక కదులుతది. ఒక్కటే మిగిలింది."

"ఎవల నాలుక?" అంది దేవమ్మ గొంతు, భయంగా.

రాజ్యాలు మారిన వార్త గుమ్మంలో చేతులు కట్టుకొని నిలిచి ఉండగా, దేవానందం ఆఖరు మరమేకు బిగించి, పెట్టెను నిలువునా కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టి తిత్తి ఆడించాడు.

ఏ చప్పుడూ రాలేదు. మళ్లీ ఆడించాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమంత మధురమైన సంగీతం ఆ ఇంట అంతకుముందు ఎవరూ వినలేదు. అప్పుడతడు ఒక మెట్టును నొక్కాడు. నొక్కిన మెట్టే పలికింది, తడి లేని గొంతుతో, తప్పు లేకుండా.

"ఆమేన్," అన్నాడు అబ్రహాం, ప్రార్థనను అప్పుడు ముగిస్తూ. లేచి తలపాగా పెట్టుకొన్నాడు. "పీట నీదే. వానలు పోయేదాంక పెట్టె సుత ఈడనే ఉండనియ్. విప్పొద్దని మళ్ల చెప్తున్న." గుమ్మం దాకా పోయి తిరిగి చూచాడు. "విప్పేది గనక ఉంటే, నాకు కబురంపు."

ఆదివారం ఆరాధనకు పెట్టె జట్కాలో ప్రార్థనాలయానికి వచ్చింది, సంఘమంతా వచ్చింది. దేవానందం పీటమీద నిటారుగా కూర్చున్నాడు. కీర్తనలు తమ తమ వరుసలలో, తమ తమ ప్రాణాలతో సాగాయి. యేసుదాసు కూడా, బరువు దిగినవానివలె, అందరికన్న గట్టిగా పాడాడు. ఆరాధన ముగిసి బయటికి వస్తూ ఉండగా, పొరుగింటి మర్యాదతో గుమ్మం దగ్గర నిలిచి వింటున్న దేవమ్మకు కాంతమణి నిజమంతా, ఈసారి దుప్పటి లేకుండా, చెప్పింది. దేవమ్మ పెట్టె వంక పైనుండి క్రిందికి ఒక్కసారి చూచింది.

"ఇంత దానికి అంత గొంతా," అంది. "పో చెల్లె. మబ్బుల ఇరుక్కున్నదని నల్లాకాడ అందరికి నేనే చెప్పిన. ఇప్పుడు పెట్టె అంటే నా ఇజ్జత్ ఏంగావాలె? కూసింది మీ పెట్టె అయితే కానీ, గాలిమోటరు అయితే కానీ. మంచం కిందికి దూరింది మేమే గద. ఆ దూరుడు అబద్ధమా?"

కాంతమణి ఆలోచించి, అది అబద్ధం కాదని ఒప్పుకొంది.

మేఘాలను బండిగా కట్టుకొని తిరుగుతూ, ఏ పెంకుమీద ఎంత నీరు పోయాలో ఎరిగిన ప్రభువు ఆ దేవానందాన్ని దీర్ఘాయుష్మంతునిగా చేసి, అతని చేతుల ప్రయాసను సంతోషంగా మార్చుగాక. ఆ ఇల్లాలి నోటి సత్యం ఆమె బిడ్డలకు వారసత్వపు స్వాస్థ్యమగుగాక. ఆ వృద్ధమాత మనుమల మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొని సుఖనిద్ర పొందుగాక. వారి పొయ్యి చల్లారక, వారి గాదె వెలితి ఎరుగక, వారి గడప లోనికి శాంతిసమాధానమూ, గడప వెలుపలికి స్తోత్రగానమూ ఎల్లకాలమూ రాకపోకలు సాగించుగాక.